ఎనిమిది లారీల ట్రాన్స్‌పోర్టుకు శిక్షణ: డ్రైవర్ల కంటే ముందు గుమాస్తాకి

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. విజయవాడలో పది టైర్ల లారీలు ఎనిమిది నడుపుతున్నావు. నీకు లోడు ఇచ్చే పెద్ద కంపెనీ ఒకటి ఫారం పంపింది. మీ బండ్ల వల్ల ఎంత కార్బన్ వస్తోంది, తగ్గించడానికి ఏం చేస్తున్నారు, సిబ్బందికి శిక్షణ ఇచ్చారా అని అడిగింది. ఈలోగా ఒక శిక్షణ సంస్థవాళ్లు వచ్చి తలకి ఇంత చొప్పున ఒక రోజు క్లాసు పెడతాం, సర్టిఫికెట్లు ఇస్తాం అన్నారు. ఆ డబ్బు పెట్టాలా, వద్దంటే ఏం నేర్పించాలి, ఎవరితో నేర్పించాలి అని అడిగావు.

నేను ఆటోనగర్‌లో లారీ బ్రోకర్ ఆఫీసు గుమాస్తాగా మొదలై 26 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మధ్యలో నాలుగు లారీలు నడిపాను. ఇప్పుడు చిన్న ట్రాన్స్‌పోర్టుల సిబ్బందికి నేర్పడమే నా పని. ఆ ఒక రోజు క్లాసు ఇప్పుడు వద్దు. ఎందుకు వద్దో చెబుతాను.

ముందు ఆ ఫారం చూసి టెన్షన్ పడకు. షేర్ మార్కెట్‌లో నమోదైన మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ తప్పనిసరి చేసింది. పర్యావరణం లెక్కలు అందులో భాగం. తమ ఫ్యాక్టరీ లెక్క అయ్యాక సరుకు మోసేవాళ్ల లెక్క అడగడం మొదలుపెట్టారు. నీ దగ్గర దానికి జవాబు ఇప్పటికే ఉంది, డీజిల్ బిల్లుల్లో. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. నెలలో కాల్చిన లీటర్లను దానితో గుణిస్తే ఫారంలో పెద్ద గడి నిండినట్టే. దీనికి కన్సల్టెంటుకి వేలకు వేలు పోయొద్దు.

ఇప్పుడు నా మొదటి క్లాసు కథ. సొంత లారీలు ఉన్న రోజుల్లో నేనూ ఒక సంస్థవాళ్లను పిలిచాను. హోటల్ హాలు, ప్రొజెక్టరు, మధ్యాహ్నం బిర్యానీ. వచ్చిన పదకొండు మందిలో సగం మంది రాత్రంతా బండి నడిపి వచ్చినవాళ్లే, లైట్లు తీయగానే నిద్రపోయారు. చెప్పినాయన ఎప్పుడూ స్టీరింగ్ పట్టిన మనిషి కాదని మావాళ్లు పది నిమిషాల్లో పసిగట్టారు. క్లాసు అయ్యాక ఒక నెల మైలేజీ పెరిగింది. నేను సంబరపడ్డాను. మూడో నెలకి మళ్లీ మామూలే. యజమాని చూస్తున్నాడని ఆ నెల జాగ్రత్తగా నడిపారంతే, నేర్చుకున్నది ఏమీ లేదు. సర్టిఫికెట్లు మాత్రం చాలాకాలం క్యాబిన్‌లో సన్‌వైజర్ వెనక ఉండేవి.

సరే, ఏం నేర్పాలి? ఒక లెక్క వేస్తాను, ఓపిగ్గా చూడు. నీ లారీ 15 టన్నులతో హైదరాబాద్ వెళ్లిందనుకుందాం, 275 కిలోమీటర్లు. లోడుతో లీటరుకి 4 కిలోమీటర్లు ఇస్తే దాదాపు 69 లీటర్లు, అంటే 184 కిలోల కార్బన్. 15 టన్నులను 275తో గుణిస్తే 4,125 టన్ను కిలోమీటర్లు. ఒక్కో టన్ను కిలోమీటరుకి సుమారు 45 గ్రాములు. బాగానే ఉంది. కానీ తిరుగు లోడు దొరక్క బండి ఖాళీగా వచ్చింది. ఖాళీ బండి 5.5 ఇచ్చినా ఇంకో 50 లీటర్లు, 134 కిలోలు. మోసిన సరుకు అంతే, కార్బన్ 318 కిలోలు. 45 గ్రాములు కాస్తా 77 అయ్యాయి.

అదే డ్రైవర్ ఎంతో శ్రద్ధగా నడిపి మైలేజీ అయిదు శాతం పెంచితే ఆ 77 కాస్తా 73 దగ్గరికి వస్తుంది. తిరుగు లోడు దొరికితే ఒక్క దెబ్బకి 45కి దిగుతుంది. తిరుగు లోడు చూసేది ఎవరు? మీ ఆఫీసులో రెండు ఫోన్లు చెవికి పెట్టుకుని కూర్చునే గుమాస్తా. గ్రీన్ శిక్షణ అనగానే అందరూ డ్రైవర్‌ని క్లాసులో కూర్చోబెడతారు. గుమాస్తాకి ఎవరూ ఏమీ నేర్పరు. అతను పక్క గుమాస్తాను చూసి నేర్చుకున్నాడు, ఆ పక్కవాడు ఇంకొకణ్ని చూసి.

గుమాస్తాకి నేర్పాల్సింది కంప్యూటర్ కోర్సు కాదు. నేను మూడు అలవాట్లు చేయిస్తాను. మొదటిది, బండి ఇక్కడ లోడు అవుతున్నప్పుడే తిరుగు లోడు కోసం ఫోన్ చేయడం. మనవాళ్లు బండి అన్‌లోడ్ అయ్యాక చేస్తారు. అప్పటికి డ్రైవర్ గేటు బయట నిలబడి ఉంటాడు, బ్రోకర్‌కి మన అవసరం తెలిసిపోతుంది, కిరాయి పడిపోతుంది. చిరాకేసి ఖాళీగా తెచ్చేస్తారు. రెండోది, ప్రతి ట్రిప్పుకీ ఖాళీ కిలోమీటర్లు వేరే గడిలో రాయడం. రాయనంత కాలం అది ఎవరి తప్పూ కాదు. రాసిన మొదటి నెలాఖరున యజమాని మొహం చూడాలి! మూడోది, లోడింగ్ దగ్గర, అన్‌లోడింగ్ దగ్గర ఎన్ని గంటలు ఆగిందో రాయడం. ఏ పార్టీ దగ్గర, అంటే ఏ సరుకు కంపెనీ దగ్గర, బండి రోజంతా ఎండుతోందో అప్పుడు కాగితం మీదికి వస్తుంది, కిరాయి మాట్లాడేటప్పుడు చూపించుకోవచ్చు.

సరుకు తెలివి కూడా నేర్పాలి. హైదరాబాద్ నుంచి ఖాళీగా వస్తున్న బండికి కోదాడ, జగ్గయ్యపేట వైపు సిమెంటు దొరుకుతుంది. కానీ సిమెంటు దింపిన బండిలో మర్నాడు బియ్యం బస్తాలు వేయాలంటే బాడీ ఊడ్చి, కడిగి, ఆరబెట్టి, కింద పట్టా పరవాలి. ఆ మూడు గంటలు ముందే లెక్క వేసుకోని గుమాస్తా సిమెంటు లోడే వద్దంటాడు. పార్టీతో ఒకసారి గొడవైందంటే ఇక ఎప్పటికీ వద్దంటాడు. బండి కడిగే ఏర్పాటు చేసి, ఏ సరుకు తర్వాత ఏది వేయొచ్చో ఒక అట్ట మీద రాసి గోడకి తగిలించాం ఒక చోట. ఆ అట్టే వాళ్ల సిలబస్. పక్క ట్రాన్స్‌పోర్టుతో లోడ్లు పంచుకోవడం కూడా నేర్పాలి కానీ అది గుమాస్తాకి కాదు, యజమానులకి. అది కష్టం. మన దగ్గర ఇద్దరు లారీ ఓనర్లు టీ పంచుకుంటారు, పార్టీని పంచుకోరు.

ఇక డ్రైవర్లు. వాళ్లకి నేర్పాల్సింది లేదని నేను అనట్లేదు. హాల్లో కాదు, క్యాబిన్‌లో నేర్పాలి అంటున్నాను.

మన రాష్ట్రంలో డీజిల్ పొదుపు డ్రైవర్లకి నిజంగా నేర్పిన సంస్థ ఒకటుంది, ఆర్టీసీ. ఏ డిపోకైనా వెళ్లి అడుగు, ఏ డ్రైవర్ ఎంత కేఎంపీఎల్, అంటే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు, తెస్తున్నాడో లెక్క ఉంటుంది. సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ అని ఒకాయన ఉంటాడు. తక్కువ తెచ్చే డ్రైవర్ పక్కన కూర్చుని బస్సులోనే సరిచేస్తాడు. అలాంటి పని చేసి రిటైరైన పెద్దాయన మీ ఊళ్లో తప్పకుండా ఉంటాడు. ఆయన్ని పట్టుకో. రోజుకి ఇంత అని మాట్లాడుకుని నీ లారీల్లో తిప్పు. నేను చూసినంతలో చిన్న ట్రాన్స్‌పోర్టుకి ఇంతకంటే మంచి గురువు దొరకడు. బస్సు వేరు, లారీ వేరు అని మొదటి రోజు నీ డ్రైవర్లు వెక్కిరిస్తారు. ఘాట్ ఎక్కాక ఊరుకుంటారు.

ఆయన ఒక్కో డ్రైవర్‌తో ఒక ట్రిప్పు వెళ్లాలి. వెళ్లేటప్పుడు డ్రైవర్ తన పద్ధతిలో నడుపుతాడు, ఆయన నోరు మెదపడు. వచ్చేటప్పుడు ఆయన చెప్పినట్టు నడుపుతాడు. ట్యాంకు నిండుగా కొట్టించి బయలుదేరాలి, అవతలి ఊళ్లో తిరిగి బయలుదేరే ముందు ఒకసారి, వచ్చాక అదే బంకులో ఇంకోసారి నిండుగా కొట్టించాలి. రెండు వైపులా లోడు ఇంచుమించు ఒకటే ఉండేట్టు చూసుకో, లేకపోతే పోలికకి అర్థం లేదు. తను చూసిన అంకెని డ్రైవర్ నమ్మినట్టు ఎవరి మాటా నమ్మడు.

నేర్పే విషయాలు కొత్తవేమీ కావు. ఇంజన్ స్పీడు మీటరులో ముల్లు ఆకుపచ్చ గీత మధ్య ఉండేట్టు గేరు వేయడం. ముందు ఎర్ర లైటు కనిపిస్తే అక్కడిదాకా తొక్కుకుంటూ వెళ్లి బ్రేకు కొట్టకుండా ముందే కాలు తీయడం. లోడింగ్ పాయింటు దగ్గర ఇంజన్ ఆపేయడం. పెద్ద లారీ నిలబడే గంటకి రెండు లీటర్ల దాకా తాగుతుంది. ఏసీ క్యాబిన్లు వస్తున్నాయి కాబట్టి ఇది ఇంకా పెరుగుతుంది. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. ఏసీ వద్దనకు. 45 డిగ్రీల ఎండలో రేకు డబ్బాలో కూర్చున్నవాడికి పొదుపు పాఠం చెప్పే హక్కు మనకి లేదు. నీడ ఉన్న చోట ఆపుకునే ఏర్పాటు చూడు, అప్పుడు ఇంజన్ ఆపమని అడుగు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా నేర్పించు, ఎందుకంటే ఇక్కడ పొదుపు పేరుతోనే ప్రాణాలు పోతాయి. దిగుడులో బండిని న్యూట్రల్‌లో వదలడం. పాత డ్రైవర్లందరూ డీజిల్ మిగులుతుందని ఇదే నేర్చుకున్నారు, క్లీనర్లకి ఇదే నేర్పారు. పాత బండ్ల కాలంలో కొంచెం మిగిలేదేమో. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే దిగుడులో డీజిల్ సరఫరానే ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ని తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతుంది. అంటే న్యూట్రల్‌లోనే ఎక్కువ ఖర్చు! పైగా ఇంజన్ పట్టు పోతుంది, ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేయదు, బరువంతా బ్రేకు లైనర్ల మీద పడి అవి కాలి పట్టు తప్పుతాయి. ఇంజనే ఆపేసే మహానుభావులూ ఉన్నారు. గాలి ప్రెషర్ నిండదు, స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. చిత్తూరు జిల్లా మొగిలి ఘాట్ మీద తిరిగిన ఎవరినైనా అడుగు, ఏం చూశారో చెబుతారు. డ్రైవర్‌కి "ఇది ప్రమాదం" అని చెబితే వినడు, పాతికేళ్లుగా తనకి ఏమీ కాలేదు కదా. "ఇందులో డీజిల్ మిగలదు" అని చెప్పు, కొత్త బండి అయితే డ్యాష్‌బోర్డు మీద అప్పటికప్పుడు ఎంత తాగుతోందో చూపించు. అప్పుడు వింటాడు.

టైర్లు. గాలి చూడటం అందరికీ వచ్చు అనుకుంటాం. నడిచి వచ్చిన బండికి వేడి మీద గాలి చూస్తే మీటరు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి కొంత గాలి తీసేస్తారు. తెల్లారి చల్లబడ్డాక టైరు మెత్తబడి ఉంటుంది. పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి, బండి కంపెనీ చెప్పిన లెక్కకి పెట్టాలి. వెనక జంట టైర్లలో లోపలిదాని వాల్వు అందదని వదిలేస్తారు. క్లీనర్ ఇనప కడ్డీతో కొట్టి శబ్దం విని సరే అంటాడు. శబ్దంతో పూర్తిగా పంచరైన టైరు తెలుస్తుంది, గాలి 20 పాయింట్లు (పీఎస్ఐ) తగ్గింది తెలియదు. లోపలి టైరుకి వాల్వు ఎక్స్‌టెన్షన్ పెట్టించి, మంచి గేజి ఒకటి కొనిచ్చి, క్లీనర్‌కి పట్టడం నేర్పు. క్లీనర్‌ని శిక్షణలో కలుపుకోవడం ఎవరికీ తట్టదు. నీ రేపటి డ్రైవర్ అతనే కదా.

నీ బండ్లలో కొత్త పొగ నిబంధనల ప్రకారం తయారైన బీఎస్ 6వి ఎన్ని ఉన్నాయో రాయలేదు. 2020 ఏప్రిల్ తర్వాత కొన్నవైతే అవే. వాటి గురించి ఒక పూట ప్రత్యేకంగా పెట్టాలి, ఇది నిజంగా కొత్త చదువు. డీఈఎఫ్ అంటే పొగని శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే, 32.5 శాతం యూరియా ఉన్న శుద్ధమైన ద్రావణం. ఎరువుల కొట్టు యూరియా నీళ్లలో కలిపి పోసేవాళ్లు ఉన్నారు. 2015 నుంచి మన దేశంలో పొలానికి ఇచ్చే యూరియా అంతా వేప పూత వేసిందే. ఆ పూత, మలినాలు కలిసి ఇంజెక్టర్‌ని, వెనక పొగని శుభ్రం చేసే ఎస్‌సీఆర్ డబ్బాని పాడుచేస్తాయి. డబ్బా మార్చాలంటే లక్షల్లో మాట. పైగా రైతు సబ్సిడీ యూరియాని ఇలా వాడటం నేరం. అలాగే డీపీఎఫ్ (పొగలో మసిని పట్టే ఫిల్టరు) లైటు వెలిగితే ఏం చేయాలో డ్రైవర్‌కి తెలియాలి. ఖాళీ చోట బండి ఆపి, ఆ మసిని కాల్చేసే రీజనరేషన్ బటన్ నొక్కి అది పూర్తయ్యేదాకా ఆగాలి. తెలియనివాడు ఆ లైటు మీద స్టిక్కరు అంటిస్తాడు. హాస్యానికి చెప్పడం లేదు, నేను చూశాను. నాలుగు రోజులకి బండి ఇరవై స్పీడు దాటకుండా షోరూంకి వెళ్లింది. డీఈఎఫ్ సెన్సార్లను మోసం చేసే డబ్బాలు ఆటోనగర్‌లో అడిగితే పెట్టేవాళ్లు దొరుకుతారు. పెట్టించావో, కంపెనీ ఫారంలో నువ్వు రాసేదంతా అబద్ధమే.

ఈ పాఠానికి బండి కొన్న షోరూం సర్వీసు సెంటర్‌ని అడుగు. వాళ్ల మెకానిక్‌ని రెండు గంటలు పంపుతారు, చాలాసార్లు ఉచితంగానే. తెలుగులో, బండి పక్కనే నిలబడి చెప్పించు. నీ డ్రైవర్లలో బీహార్, యూపీ కుర్రాళ్లు ఉంటే హిందీ వచ్చిన మనిషిని అడుగు. మర్చిపోకుండా ఉండటానికి మూడు నిమిషాల ఫోన్ వీడియోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టు. నీ సొంత డ్రైవర్ మాట్లాడిన వీడియో అయితే అందరూ చూస్తారు, సినిమా నటుడు చెప్పినా అంత చూడరు.

ఇంత నేర్పాక కూడా మొదటి నెల తర్వాత పాత అలవాట్లు తిరిగొస్తాయి, జీతం పద్ధతి మార్చకపోతే. ట్రిప్పుకి ఇంత అని ఇస్తూ నెమ్మదిగా నడపమంటే ఎవడు వింటాడు? తొందరగా వెళ్తే ఇంకో ట్రిప్పు పడుతుంది. నీ లారీ నెలకి 7,000 కిలోమీటర్లు తిరిగి 4 ఇస్తోందనుకో, 1,750 లీటర్లు. 4.2 తెస్తే 83 లీటర్లు తగ్గుతాయి. లీటరు 97 రూపాయలు వేసుకుంటే ఎనిమిది వేలు. అందులో సగం డ్రైవర్‌కి ఇవ్వు, నెల నెలా, జీతంతో కలపకుండా చేతిలో. కార్బన్ 220 కిలోలు తగ్గిందని అతనికి చెప్పు గానీ, అతను ఇంటికి పట్టుకెళ్లేది నాలుగు వేలే.

ఇక్కడ నేను చేసిన తప్పు నువ్వు చేయకు. తక్కువ తెచ్చినవాళ్లకి కోత పెట్టాను. ఘాట్ రూటులో నిండు లోడుతో తిరిగే మా మంచి డ్రైవర్‌కీ, చదును రోడ్డు మీద అటుకుల బస్తాలు మోసేవాడికీ ఒకే లక్ష్యం పెట్టాను. మంచివాడు రెండు నెలలు చూసి, తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. లక్ష్యం రూటుని బట్టి, లోడుని బట్టి, బండి వయసుని బట్టి ఉండాలి. బహుమతి ఉండాలి, కోత ఉండకూడదు. నిద్ర మానేసి నడిపి బహుమతి కొట్టే అవకాశం కూడా ఇవ్వొద్దు. మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే రోజుకి ఎనిమిది గంటలే అంది. అది మన లైనులో ఎంత అమలవుతోందో నీకూ తెలుసు, నాకూ తెలుసు.

ప్రభుత్వం వైపు ఉన్నవి కూడా వాడుకో. నలుగురు పనివాళ్లు, ఆపైన ఉంటే అప్రెంటిస్‌లను పెట్టుకోవచ్చు. ముప్పై మంది, ఆపైన ఉంటే తప్పనిసరి. అంతకంటే తక్కువైతే నీకు ఇష్టం ఉంటేనే. స్టైపెండులో కొంత భాగం నాప్స్ అనే అప్రెంటిస్ పథకం కింద కేంద్రం భరిస్తుంది. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివిన కుర్రాణ్ని అలా తీసుకుంటే టైర్లు, గ్రీజు, ఫిల్టర్ల లెక్క చూసే మనిషి దొరుకుతాడు. పీసీఆర్‌ఏ అనే కేంద్ర సంస్థ డ్రైవర్లకి ఇంధన పొదుపు తరగతులు పెడుతుంది, మీ లారీ ఓనర్స్ అసోసియేషన్ ద్వారా అడిగితే పని జరుగుతుంది. తెలంగాణలో ఉన్నవాళ్లకైతే సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో అశోక్ లేలాండ్‌తో కలిసి పెట్టిన డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఉంది, కొత్త కుర్రాళ్లకి మంచిది. పాతవాళ్ల నైపుణ్యాన్ని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ కూడా ఉంది. ఫారంలో చూపించుకోవడానికి పనికొస్తుంది, డ్రైవర్‌కి గౌరవం కూడా. దానివల్ల డీజిల్ తగ్గుతుందని మాత్రం ఆశించకు. ఏ శిక్షణ పెట్టినా ఆ రోజు కళ్ల డాక్టరుని పిలువు. కళ్లజోడు కావాల్సినవాళ్లు నీ ఎనిమిది మందిలో ఇద్దరైనా తేలతారు.

కరెంటు లారీల గురించి కూడా చివర్లో అడిగావు. కేంద్రం ఈ-డ్రైవ్ పథకంలో లారీలకి కూడా రాయితీ పెట్టింది, పాత బండిని తుక్కుకి ఇచ్చిన సర్టిఫికెట్ చూపాలి. కానీ దూర ప్రయాణాల పది టైర్ల పనికి నీ స్థాయిలో ఇప్పుడే దిగొద్దు. ఊళ్లో డెలివరీకి కరెంటు ఆటోలు నడిపే ఆలోచన ఉంటే అది వేరు, అక్కడ లెక్క కుదురుతుంది.

ఈ వారం చేయాల్సింది ఇది. గడిచిన రెండు నెలల ట్రిప్ షీట్లు తీసి గుమాస్తాతో కూర్చో. లోడు కిలోమీటర్లు, ఖాళీ కిలోమీటర్లు, లీటర్లు, ఆగిన గంటలు, బండివారీగా రాయండి. షీట్లలో లేనివి డ్రైవర్లని అడగండి, వాళ్లకి గుర్తుంటాయి. ఖాళీ ఎంత శాతం తేలిందో ఇక్కడే రాయి. ముప్పై దాటిందంటే ఆర్టీసీ పెద్దాయన్ని వచ్చే నెల పిలుద్దువు గానీ, ముందు నేనే ఒక పూట వచ్చి మీ గుమాస్తా బల్ల పక్కన కూర్చుంటాను.